పెద్దకారు నిలబడి కూడా ఎందుకు గొణుగుతుంది?

ఒకప్పుడు పెద్దకారుకి గొణగడం తెలియదు. తెలిసిందల్లా ఒకటే కేక. బయలుదేరితే కేక, ఎక్కితే కేక, దిగితే కేక. అది వస్తోందంటే చెవులున్నవాళ్ళంతా చెవులు మూసుకునేవాళ్ళు. చెవుల్లేని పాములు కూడా పుట్టల్లో దూరేవి.

పెద్దకారంటే అల్లాటప్పా కారు కాదు. దాని ఒళ్ళంతా కండలే. ముందు మూత ఎత్తితే లోపల ఎనిమిది ఇనప గదులు ఉండేవి. ఈ వరసలో నాలుగు, ఆ వరసలో నాలుగు.

ఇంజను ఊపిరి పీల్చినప్పుడల్లా గాలమ్మ పిల్లలు ఆ గదుల్లోకి వెళ్ళేవాళ్ళు, గదికొకరు చొప్పున. లోపల మంట కాచుకుని ఉండేది. ఒక్కొక్కరి వీపు మీద ఒక్క చరుపు చరిచేది. ఒళ్ళు చుర్రుమని, చిట్టిగాలులు 'అమ్మా' అంటూ గది పక్క కన్నంలోంచి బయటికి దూకేవాళ్ళు. బయట గాలమ్మ చేతులు చాచుకుని నిలబడి ఉండేది.

ఆ పిల్లల ఏడుపే పెద్దకారు కేక. ఎనిమిదిమంది వెళ్ళగానే మరో ఎనిమిదిమంది. వాళ్ళ వెనక ఇంకో ఎనిమిదిమంది. ఒక్క క్షణం ఆగడమనేది లేదు.

ఆ కారు పైడయ్యది. గుమ్మడికొండ కింద దిగువూరిలో అతని ఇల్లు. కొండమీద పైవూరు ఉంది. పైవూరికి ఉన్నది ఒకటే దారి, అందులో పదకొండు మలుపులు. ఎద్దుబళ్ళు సగంలో చతికిలబడేవి. చిన్నకార్లు రెండో మలుపు దగ్గరే దణ్ణం పెట్టి వెనక్కి తిరిగేవి. కండలున్న పెద్దకారొక్కటే ప్రతి శనివారం ఉప్పూ కిరసనాయిలూ ఎక్కించుకుని పైకి వెళ్ళి, పైవూరి వాళ్ళ అనాసపళ్ళూ పసుపుకొమ్ములూ సంతకి దించేది.

నాలుగో మలుపు దగ్గర తంగేడు పొదలో ఒక పిగిలిపిట్ట గూడు కట్టుకుంది. మూడు గుడ్లు పెట్టి పొదుగుతోంది. పెద్దకారు కేక వేసింది. పిట్ట గుండె ఝల్లుమని ఎగిరిపోయింది, మళ్ళీ గూటికి వచ్చేసరికి చీకటిపడింది. అప్పటికి గుడ్లు చల్లారిపోయాయి.

మళ్ళీ గుడ్లు పెట్టింది. మళ్ళీ శనివారం వచ్చింది. మళ్ళీ చల్లారిపోయాయి.

మూడోసారి గుడ్లు పెట్టిన రోజు పిట్ట కొండతో మొర పెట్టుకుంది. "తాతా, వీటిని కూడా పోగొట్టుకుంటే నేనింక బతకలేను. నాకేమో కూర్చోవాలనే ఉంటుంది. ఆ కేక వినగానే నా రెక్కలు నా మాట వినవు."

కొండ ముసలిది. దాని మాటలు తక్కువ. కానీ ఆ రోజు మాట్లాడింది. దిగువూరు మొత్తానికి వినపడేలా మాట్లాడింది.

"పైడయ్యా, వచ్చే శనివారం నా ఒంటిమీద ఆ కేక వినపడిందా, ఏడో మలుపు పైనున్న బండని దొర్లించేస్తాను. ఇంక నీ కారు లేదు, దారీ లేదు."

పైడయ్యకి ఆ రాత్రి అన్నం లోపలికి పోలేదు. దారి మూసుకుపోతే పైవూరికి ఉప్పు ఎవరు మోస్తారు? కారు కొండ ఎక్కకపోతే తనేం చేస్తాడు? లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. తెల్లారకుండానే గౌరమ్మ కొట్టు తలుపు తట్టాడు.

గౌరమ్మ ఇనుము అతికే మనిషి. చుట్టుపక్కల పొలాల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లన్నిటికీ గొట్టాలు బిగించింది ఆవిడే.

"గౌరప్పా, నా కారు నోరు నొక్కాలి. శనోరం లోగా అయిపోవాల," అన్నాడు పైడయ్య.

"దానికింత కంగారేటి? ఆయిలింజను నోరు ఎలా నొక్కుతాను నాను? గొట్టం కుండలో పెట్టి, కుండ నిండా తడి ఊక కూరి మూతెట్టేస్తాను. కూత బైటికి రాదు," అంది గౌరమ్మ.

నిజమే, దిగువూరి పొలాల్లో అందరూ చేసేది అదే. కుండ పెట్టాక ఆయిలింజను పక్కనే గట్టుమీద మనిషి నిద్రపోవచ్చు. కానీ ఆయిలింజను కూర్చున్నచోటే కూర్చుంటుంది. కారు కొండ ఎక్కాలి. ఈ సంగతి గౌరమ్మకి తట్టలేదు. తట్టేంత నిదానం పైడయ్యకి లేదు.

మంగళవారం సాయంత్రానికల్లా కారు వెనక పెద్ద కుండ వేలాడింది. ఎనిమిది గదుల గొట్టాలూ అందులోకే. ఇంజను తిప్పారు. చడీ చప్పుడూ లేదు. పైడయ్య నవ్వాడు. గౌరమ్మ గర్వంగా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఇద్దరూ కొండ దారి పట్టారు.

మొదటి మలుపు దాటారు. రెండో మలుపులో కారు ఆయాసపడింది. మూడో మలుపులో వణికింది, దగ్గింది, ఆగిపోయింది. ఆగిపోయి ఊరుకుందా? మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. పక్కన లోయ. పైడయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. గౌరమ్మ ఒక్క దూకు దూకి, చేతికందిన రాయిని చక్రం కింద తోసింది. కారు నిలబడింది.

అప్పుడు కుండలోంచి సన్నటి మాటలు వినపడ్డాయి.

"దారివ్వండి. ఊపిరాడటం లేదు. వెనక ఇంకా వస్తున్నారు. తోసుకుంటున్నాం, తొక్కుకుంటున్నాం."

"ఎవరర్రా మీరు?" అంది గౌరమ్మ.

"గాలమ్మ పిల్లలం. అమ్మ దగ్గరికి పోవాలి. మేం బయటికి పోకపోతే కొత్తవాళ్ళు లోపలికి రాలేరు. కొత్తవాళ్ళు రాకపోతే మీ కారుకి బలం ఎక్కడిది?"

గౌరమ్మ నాలిక్కరుచుకుంది. కుండ మూత లాగేసింది. పిల్లలు కేకలు పెడుతూ బయటికి దూకారు. నాలుగో మలుపులో పిగిలిపిట్ట అదిరిపడి కొమ్మకొసకి ఎగిరింది, గుండె చిక్కబట్టుకుని మళ్ళీ గూట్లోకి దూకింది.

"మిమ్మల్ని ఆపను. కానీ అంత గోలెందుకర్రా?" అని అడిగింది గౌరమ్మ.

ఆఖరున వచ్చిన చిట్టిగాలి చెప్పింది. "మంట కొడుతుంది. కొట్టిన చోటే గుమ్మం. ఏడుపు సగంలో ఉండగానే బయటపడిపోతాం. కళ్ళు తుడుచుకునే జాగా మాకెక్కడుంది?"

పాపం, ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ వాళ్ళని అడగలేదు. అందరూ చెవులు మూసుకున్నవాళ్ళే.

బుధవారం ఆవిడ సన్నటి పొడుగు గొట్టం బిగించింది. పిల్లలు అందులో ఒరుసుకుంటూ వచ్చారు. కారు కీచుమని ఈలేసింది, బలం సగానికి పడిపోయింది. గొట్టం ఊడదీసి అవతల పారేసింది.

గురువారం లావుపాటి గొట్టాలు రెండు తెచ్చింది. ఒక్కో వరసలోని నలుగురికీ ఒక గొట్టం. ముందునుంచి కారు పొట్ట కింద పాకించుకుంటూ వెనకదాకా తీసుకెళ్ళింది. పిల్లలు విశాలంగా నడిచారు. నడుస్తూ నడుస్తూ ఒళ్ళు చల్లబడింది. కేక లావైంది, కింది స్థాయికి దిగింది. అయినా కేక కేకే.

"ఇంకా రెండ్రోజులే ఉన్నాయప్పా," అన్నాడు పైడయ్య. గోళ్ళు కొరికీ కొరికీ అతనికి కొరకడానికి ఏమీ మిగల్లేదు.

"నువ్వలా నా సుట్టూ తిరగమాక. నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది గౌరమ్మ.

శుక్రవారం ఒక్కో గొట్టం మధ్యలో ఖాళీ డబ్బా అతికింది. ఊక లేదు, మూత లేదు. రెండు గోడలు, వాటికి కన్నాలు, అంతే. పిల్లలు కన్నాల్లోంచి ఎంచక్కా బయటికి నడిచారు. వాళ్ళ ఏడుపు మాత్రం వెళ్ళి గోడకి కొట్టుకుంది. కొట్టుకుని వెనక్కి తిరిగింది. తిరిగొచ్చే ఏడుపుకి, వెనకనుంచి వచ్చే ఏడుపు ఎదురైంది. రెండూ ఒకదాన్నొకటి మింగేశాయి.

పిల్లలు బయటికి వచ్చారు. చివరికి మిగిలింది గొణుగుడే. గుడగుడ... గుడ... గుడగుడ.

పైడయ్య తల పక్కకి వంచి విన్నాడు. "అప్పా, ఇది కుంటుతోందేటి? సమానంగా రావట్లేదు."

గౌరమ్మ గొట్టానికి చెవి ఆనించింది. మంట ఈ వరసలో ఒకరినీ ఆ వరసలో ఒకరినీ చరుస్తూ పోతోంది. కానీ ఒక్కోచోట తొందరపడి, ఒకే వరసలో ఇద్దరిని వెంటవెంటనే చరుస్తోంది. ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జంటగా వస్తున్నారు. మిగతావాళ్ళు విడివిడిగా వస్తున్నారు.

"మీ ఇద్దరి మజ్జా కాస్త ఎడం పెట్టమంటారా?" అని అడిగింది వాళ్ళని.

"వద్దు. దెబ్బ తిన్నప్పుడు పక్కన ఒకరుంటే భయం తగ్గుతుంది," అన్నారు వాళ్ళు.

గౌరమ్మ లేచి చేతులు దులుపుకుంది. "కుంటితే కుంటనీ. సెయ్యి పట్టుకున్న పిల్లల్ని నాను విడదియ్యను."

శనివారం వచ్చింది. వెనక ఉప్పు బస్తాలు, ముందు పైడయ్య, పక్కన గౌరమ్మ. కొండ ఏడో మలుపు దగ్గర బండకి భుజం ఆనించి నిలబడింది.

మొదటి మలుపు. రెండోది. మూడోది. కారు ఆయాసపడలేదు, జారలేదు. గుడగుడలాడుతూ ఎక్కింది.

నాలుగో మలుపు. తంగేడు పొద కదిలింది. పిగిలిపిట్ట మెడ నిక్కించింది. రెక్కలు సగం విప్పింది. దాని కింద మూడు గుడ్లు వెచ్చగా ఉన్నాయి. పైడయ్య కారు ఆపేశాడు. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది.

పిట్ట విన్నది. ఇంతకాలం అది లేచి పారిపోయింది చప్పుడుకి కాదు, ఏడుపుకి. తన గుడ్లమీద కూర్చున్న తల్లి, ఎక్కడో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే ఎలా నిబ్బరంగా ఉంటుంది? ఇప్పుడు వినపడుతున్నది ఏడుపు కాదు. కళ్ళు తుడుచుకుని, అమ్మ దగ్గరికి నడిచిపోతున్న పిల్లలు తమలో తాము చెప్పుకునే కబుర్లు.

పిట్ట రెక్కలు మూసుకుంది. గుడ్లమీద మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"వెళ్ళండి. పిల్లలు అమ్మ దగ్గరికి తొందరపడుతున్నారు," అంది.

కొండ బండ మీదనుంచి భుజం తీసేసింది. ఆ రోజు పైవూరికి ఉప్పు చేరింది. పదిరోజులకి తంగేడు పొదలో మూడు నోళ్ళు తెరుచుకున్నాయి.

అప్పటినుంచే పెద్దకారు పొట్ట కింద పొడుగాటి గొట్టాలు, వాటి మధ్య ఖాళీ డబ్బాలు ఉంటున్నాయి. అప్పటినుంచే అది నిలబడ్డచోట కూడా కుదురుగా నిలబడలేక, గుడగుడ... గుడ... గుడగుడ అని కుంటుతూ గొణుగుతోంది. ఎవరో యాక్సిలరేటరు తొక్కేసరికి మంట గట్టిగా చరిచి, దాని గొంతు పెద్దదవుతుంది. అప్పుడు మీరు చెవులు మూసుకోకండి. లోపల పిల్లలు ఇంటికి పోతున్నారు.