బాలింత అంగీ

జెబినిసో ఏడ్చిన కళ్ళతో, తనకు జరీకుట్టు నేర్పిన గురువమ్మ గడప తొక్కింది. చంకలో ఊదారంగు పట్టు అంగీ ఒకటి ఉంది.

తొలికాన్పు అయిన అక్క కోసం చలికాలమంతా కూర్చుని కుట్టిన అంగీ అది. మెడ నుంచి రొమ్ము దాకా పాలివ్వడానికి వీలుగా నిలువు చీలిక, దానికి రెండు వైపులా పాదాల దాకా దిగే జరీ పట్టీ. పట్టీ నిండా ఉబ్బెత్తు కుట్టుతో దానిమ్మపూలు. అక్క సాలిహా దాన్ని ఒక్కసారి వేసుకుని, మడిచి పెట్టెలో పెట్టేసింది.

“మా అక్కకు నా పని నచ్చలేదు ఉస్తాదమ్మా. అడిగితే ‘బాగుందే, చాలా బాగుంది’ అంటుంది. వేసుకోమంటే మాత్రం వేసుకోదు. నా చేతిలో లోపముంటే మీరైనా చెప్పండి.”

ఉస్తాదమ్మ పేరు మాహిబీబీ. బుఖారాలో పెద్దింటి పెళ్ళికూతుళ్ళందరూ ఆమె చేతి జరీ కట్టినవాళ్ళే. ఆమె అంగీని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, ఒక్కో పువ్వునూ వేలితో తడిమి చూసింది.

“ఎక్కడా కుట్టు తప్పలేదు తల్లీ. నీ వయసులో నాకింత పని వచ్చేది కాదు.”

“మరైతే?”

“రేపు అంగీతో పాటు పాపను కూడా తీసుకురా.”

మర్నాడు జెబినిసో పాపను బొంతలో చుట్టి తెచ్చింది. గురువమ్మ జెబినిసోకే ఆ అంగీ తొడిగించి, పాపను బొంతలోంచి తీసి ఆమె చేతుల్లో పెట్టింది.

పాపకది నిద్రవేళ. పిన్ని గుండెల్లో మొహం దాచుకోబోయి గుక్కపట్టి ఏడ్చింది. జెబినిసో జోకొట్టింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎటు తిప్పినా చెంప జరీకే ఒరుసుకుంది. చివరికి ఆ లేత చెంప మీద దానిమ్మపువ్వొకటి ఎర్రగా అచ్చుపడింది.

మాహిబీబీ దగ్గరికి వచ్చి తన అరచేతిని పాప చెంపకూ జరీకీ మధ్య ఉంచింది. పాప రెండుసార్లు వెక్కి, ఆ చేతిలో మొహం పెట్టుకుని కళ్ళు మూసింది.

నిద్ర గాఢంగా పట్టేదాకా ముసలామె నడుం వంచి అలాగే నిలబడింది. చెయ్యి తియ్యలేదు.

“అక్క ఈ మాట నాతో ఎందుకనలేదు?” అని గొణిగింది జెబినిసో.

“ఎలా అంటుందే? చలికాలమంతా నువ్వు కుట్టడం చూసిన మనిషి.”

జెబినిసో పాపను పరుపు మీద పడుకోబెట్టి, అంగీ మార్చుకుని, చిన్న కత్తెర అందుకుంది. చీలిక చుట్టూ ఉన్న పూలను ఒక్కొక్కటే విప్పసాగింది.

ఆ చోట కుట్టుకోమని గురువమ్మ మెత్తటి పట్టుదారం ఉండొకటి తెచ్చి ఆమె ఒళ్ళో వేసింది.

“విప్పిన జరీ పారెయ్యకు,” అంది. “ఈ పిల్ల పెళ్ళికి కావాలి.”