లోపలి కొస, బయటి కొస

కాలవ గట్టు మీది తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. ఆ చెట్టు మీద సింహాద్రి అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడిని మించినవాడు లేడు. ఆ మాట ఇంకొకరు అనక్కర్లేదు, పొద్దున్న లేస్తే వాడే అనేసుకునేవాడు.

సగం అల్లిన వాడి గూడు చూసి ముచ్చటపడి, నూకాలు అనే ఆడపిట్ట పెళ్ళికి ఒప్పుకుంది. శుభమా అని పెళ్ళి చేసుకోక, వీడు నక్క ప్లీడరు దగ్గరికి ఎగిరాడు.

"ప్లీడరు గారూ, రేపు మాకు పడకపోతే నా గూడు నాకే రావాలి. ఆవిడకి మాత్రం అనుమానం రాకూడదు."

"అదెంత పని నాయనా! గడప లోపలున్నదంతా ఆవిడది, బయటున్నదంతా నీది అని రాద్దాం. వినడానికి ఎంత బావుందో చూడు! గూటి అల్లికంతా బయటిదే కదా, నీకే వస్తుంది. ఒకరిది ఒకరు కదిపితే, కదిపినవాళ్ళ వాటా కూడా అవతలివాళ్ళదే అని చివర్న పడేద్దాం. ఆవిడ నోరెత్తకుండా ఉంటుంది."

"మరి మీ ఫీజు?"

"ఛఛ, నీ దగ్గర ఫీజా!" అంటూ నక్క మూతి నాక్కుంది. గూడు ఊడదీస్తే లోపలి గుడ్లు ఎక్కడ పడతాయో దానికి తెలియదూ?

బాదమాకు మీద ఒప్పందం రాశారు. కాలవలో పడుకున్న గౌరమ్మ గేదె లేచొచ్చి సాక్షి గిట్టముద్ర వేసింది. నూకాలు అంతా చదివి, "సరేనయ్యా, ఈ మాట మీదే నిలబడు" అని తనూ ముద్ర వేసింది.

పెళ్ళయింది, గూడూ పూర్తయింది. నూకాలు గుడ్లు పెట్టి పొదుగుతోందో లేదో, పక్క కొమ్మకి ముత్యాలు అనే కొత్త ఆడపిట్ట వచ్చింది. సింహాద్రి మనసు అటు లాగింది. ఆవిడ కోసం కొత్త గూడు అల్లడానికి ఒళ్ళు బద్ధకం.

"ఏమే, నా గూడు నేను పట్టుకుపోతున్నా."

"గుడ్లో?"

"లోపలివిగా, నీవే. భద్రంగా ఉంచుకో."

"దేంట్లో ఉంచుకోను, నా నెత్తిమీదా?" అంది నూకాలు. కిందికి చూస్తే నక్క నోరు తెరుచుకు కూర్చుంది.

సింహాద్రి బయట ఒక పోచ పట్టి లాగాడు. లోపల గుడ్డు పక్కన ఒక పోచ కొస కదిలింది. నూకాలు అది చూసింది.

"ఆగు! గౌరమ్మత్తా, చూస్తున్నావా?"

"ఊఁ" అంది గట్టు మీది గేదె, నెమరేస్తూ.

"ఆ పోచ ఎలా అల్లావయ్యా?"

"ఎలా ఏంటి? బయటినుంచి లోపలికి దూర్చి, మళ్ళీ బయటికి తీసి, మళ్ళీ లోపలికి. అలా కాకపోతే గూడు నిలుస్తుందా? నా పనితనం అంటే ఏమనుకున్నావ్!"

"నీ పనితనానికి దణ్ణం. ప్రతి పోచా బయట నీది, లోపల నాది. బయటిది నువ్వు తెంపినా లాగినా లోపల నాది కదులుతుంది. నాది కదిపితే నీ వాటా కూడా నాదే. రాయించింది నువ్వే!"

గౌరమ్మ నెమరు ఆపింది. "ఇందాకే ఒకటి లాగేశాడుగా. గూడంతా నూకాలుదే" అని మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది.

"ప్లీడరు గారూ!" అని సింహాద్రి గోలపెట్టాడు.

"అల్లిక సంగతి నాకేం తెలుసయ్యా? అల్లేవాడివి, నీకు తెలియొద్దూ!" అని కసిరి, నక్క ఖాళీ కడుపుతో పోయింది.

సింహాద్రి తలొంచుకుని ముత్యాలు దగ్గరికి వెళ్ళాడు. అంతా విన్న ముత్యాలు, "సర్లే, ఇంకోటి అల్లు. మనమూ కాగితం రాసుకుందాం" అంది.

"నక్కని పిలవనా?"

"ఎందుకూ? నూకాలక్క చేత రాయిస్తా."

నీతి: కాపురానికి ముందు రాసుకునే కాగితంలో ఎదుటివాళ్ళ కోసం బిగించిన ముడి మన కాలికీ పడుతుంది.