కోనప్ప ఎగ్గొట్టిన మూడు భోజనాలు

అనగా అనగా మణిగిరి అనే ఊరు. ఆ ఊరికో రాజూ రాణీ ఉన్నారు, ఉంటారు కదా మరి! కానీ ఈ కథ వాళ్లది కాదు. ఇళ్లకు లోపలి సొగసు దిద్దే కోనప్పది.

కోనప్ప చెయ్యి పడితే మట్టి గోడకైనా కళ వచ్చేది. ఏ గోడకు ఏ రంగు, ఏ మూలన ఏ బల్ల, దీపం ఎక్కడ, గూడు ఎక్కడ, అన్నీ అతనే చెప్పాలి, అతనే చెయ్యాలి.

వాళ్ల పనిలో పాతకాలపు ఆనవాయితీ ఒకటుంది. ఇల్లు దిద్దినవాడు పని ముగిశాక ఆ ఇంటివాళ్లతో కూర్చుని ఒక పూట భోంచేయాలి. ఆ తర్వాతే పనిముట్లు సర్దుకోవాలి. పని నేర్పిన గురువు ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. కోనప్ప విన్నాడా? విన్నాడు. పాటించాడా? పేరు వచ్చేదాకా పాటించాడు. పేరొచ్చాక, అన్నానికేముందండీ ఇంకోసారి తింటాను అంటూ ఒక గడప దిగి ఇంకో గడప ఎక్కేవాడు.

అంతలో రాణి కొత్త అంతఃపురం కట్టించింది. లోపలి పనికి ఆస్థాన పనివాడు కావాలని చాటింపు వేయించింది. ఆ కొలువు కోసమే కోనప్ప ఇన్నాళ్లూ కలలు కన్నాడు. పట్టుపంచె కట్టి, తన బొమ్మల చుట్టలు చంకన పెట్టుకుని వెళ్లాడు. రాణి చుట్టలన్నీ విప్పి చూసింది. బాగున్నాయంది.

"నువ్వు దిద్దిన ఇళ్లలో ఏవైనా మూడింట ఒక్కో పూట భోంచేసి రా కోనప్పా. ఎక్కడ ఎలా తిన్నావో వచ్చి చెప్పు. కొలువు మాట అప్పుడు చూద్దాం."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు కోనప్ప.

మొదట గురవయ్య శెట్టి ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటి నడవాలో తళతళలాడే గచ్చు, గచ్చు నిండా తామరపూలు, అన్నీ కోనప్ప చేతి పనే. శెట్టి ఎదురొచ్చి పెరటి దారిన తీసుకెళ్లి, గేదెల కొట్టం పక్కన విస్తరి వేశాడు. నడవాలో ఎవరూ అడుగు పెట్టరట. మరక పడుతుందని భయమట, కాలు తడైతే జారిపడుతున్నారట. ఊళ్లోవాళ్లు గుమ్మం బయటే నిలబడి చూసి మెచ్చుకుని పోతారట. శెట్టి ఇదంతా గొప్పగానే చెప్పాడు. వీళ్లకు వాడుకోవడం రాకపోతే నా తప్పేముంది అని కోనప్ప సర్దిచెప్పుకున్నాడు. అయినా మారు వడ్డన అడగడానికి నోరు రాలేదు.

రెండో ఇల్లు నేతగాడు ఈరన్నది. రాజుగారి ఉత్తరీయాలు నేసేది ఈయనే. వీధి కిటికీ దగ్గర ఉండే మగ్గం మోటుగా ఉందని కోనప్ప దాన్ని వెనక మూలకు మార్పించి, కిటికీ దగ్గర చెక్కడపు ఉయ్యాల బల్ల వేలాడదీశాడు. ఇప్పుడు ఆ ఉయ్యాల మీద నూలు ఆరేసి ఉంది. ఈరన్న మిట్టమధ్యాహ్నం మూలన దీపం పెట్టుకుని, కళ్లు చికిలించి తెగిన పోగు వెతుక్కుంటున్నాడు.

మగ్గం మళ్లీ వెలుగులోకి తెచ్చుకోకపోయావా అన్నాడు కోనప్ప.

"అంత పనిమంతుడివి. నువ్వు పెట్టావంటే ఏదో అర్థం ఉంటుందని ఊరుకున్నామయ్యా," అన్నాడు ఈరన్న.

తిట్టినా బాగుండేది. కోనప్పకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ దీపం పక్కనే కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు, తలెత్తకుండా.

మూడోది సొంత అక్క బసవమ్మ ఇల్లు. కోనప్పకు మొదట పేరు తెచ్చింది అదే. వంటింటి గోడ మీద ఏడు చిలకల బారు వేశాడు. చిలకలకు అడ్డని గిన్నెల గూడు పూడ్చేసి, గిన్నెల కోసం చూరు కింద ఎత్తుగా బల్ల కొట్టాడు. పొరుగూళ్ల నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు.

ఆ రోజు అన్నం బావ వడ్డించాడు. అక్క గుమ్మంలోనే నిలబడింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఇంట అక్క చేతి వడ్డనే ఎరుగును కోనప్ప. నువ్వెందుకు వడ్డించవని అడిగాడు. ఎడమ చేత్తో ఎలా వడ్డించనురా అంటూ నవ్వబోయింది అక్క.

కోనప్ప లేచి ఆమె చేతిని కప్పిన కొంగు తొలగించాడు. కుడి మణికట్టుకు వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. గిన్నె అందక పీట మీద పీట వేసి ఎక్కి, పడిందట.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఊరంతా ఆ చిలకల్ని చూసి నీ పేరు చెప్పుకుంటోంది. నా చెయ్యి సంగతి ఎక్కడ చెప్పనురా?"

కోనప్ప మళ్లీ విస్తరి ముందు కూర్చోలేకపోయాడు. సిగ్గంటే ఏమిటో కోనప్పకు ఆ పూట తెలిసింది. పని అయిన రోజున ఒక్క పూట ఇక్కడ కూర్చుని తిని ఉంటే, గిన్నె కోసం అక్క మునివేళ్ల మీద నిలబడడం కళ్లారా చూసేవాడు. గురువు తినమన్నది ఇందుకని ఇన్నాళ్లకు అర్థమైంది.

కొలువుకు వెళ్లేసరికి, ఇలాగే రాణి పంపితే తిని ముందే వచ్చిన ఇద్దరు పనివాళ్లు బూరెలు తిన్నాం, పులిహోర తిన్నాం అని ఊదరగొడుతున్నారు. కోనప్ప అందరి ముందూ తలవంచుకుని నిలబడ్డాడు.

"మొదటి ఇంట కొట్టం పక్కన తిన్నాను. రెండో ఇంట పట్టపగలు దీపం వెలుగులో తిన్నాను. మూడో ఇంట తినలేకపోయాను. ఈ కొలువుకు నేను తగను తల్లీ."

బొమ్మల చుట్టలు అక్కడే వదిలేసి వచ్చేశాడు.

మర్నాటి నుంచి పాత ఇళ్ల చుట్టూ తిరిగాడు. శెట్టి నడవాలో గచ్చు గరుకు చేశాడు. తామరల మీద పిల్లలు గచ్చకాయలాడుకున్నారు. ఈరన్న మగ్గం కిటికీ దగ్గరికి చేరింది. చివరికి అక్క వంటింట్లో ఉలి పట్టుకున్నాడు. అంత బొమ్మను చెడగొట్టకురా అని బావ వారించాడు, అయినా వినలేదు. అక్కను గోడ దగ్గర నిలబెట్టి, ఆమె చెయ్యి హాయిగా అందేచోట గీత గీసి, అక్కడే గూడు తొలిచాడు. ఏడు చిలకల్లో రెండు మిగిలాయి.

కట్టు విప్పిన రోజు అక్క ఆ గూట్లోంచి గిన్నె అందుకుని, కుడి చేత్తో తమ్ముడికి వడ్డించింది. అప్పుడే రాజభటుడు వచ్చాడు. పాత ఇళ్లు నువ్వు సరిదిద్దిన సంగతి రాణిగారికి తెలిసిందట, కొలువు నీదేనట, ముందుగా అంతఃపురంలో వంటిల్లు చూడాలట, వెంటనే రమ్మన్నారు అన్నాడు.

"వస్తానయ్యా. అక్క పెట్టిన ముద్ద తిని వస్తాను," అన్నాడు కోనప్ప.

అతని కళ్లనీళ్లు విస్తట్లో పడ్డాయి. అక్క చూడనట్టే ఇంకో గరిటె పప్పు వేసింది.

ఎవరి కోసం పని చేస్తామో వాళ్ల సుఖం చూడని పనితనం, ఊరంతా మెచ్చినా, చివరికి తల దించుకునేలా చేస్తుంది.