చాపిన చెయ్యి

ఘాట్ రోడ్డు మలుపులో ఒక చిన్న దర్గా ఉంది. దాని ముందు లారీలు ఆగుతాయి. డ్రైవర్లు దిగి దండం పెట్టుకుని, ఒక సిగరెట్టు కాల్చి బయల్దేరతారు. పీకలు మాత్రం అక్కడే పడి ఉంటాయి.

దర్గాను చూసుకునే జమాల్ బాబాకు దస్తగిరి శిష్యుడు. మూడేళ్లుగా రోజూ రెండు పూటలా ఆ పీకలు ఊడుస్తున్నాడు. "ఇక్కడ పీకలు వేయరాదు" అని బోర్డు రాయించాడు. బోర్డు కిందే వేశారు. వాన పడితే చాలు, అవి కొట్టుకొచ్చి మేకలు తాగే నీళ్ల తొట్టిలో తేలేవి.

ఒకరోజు అతనికి ఓపిక నశించింది. ఎప్పుడూ అక్కడ ఆగే ఓబులేసు అనే డ్రైవరు పీక విసరగానే, చేటలో ఉన్నవన్నీ తీసుకెళ్లి అతని లారీ సీటు మీద కుమ్మరించాడు. పెద్ద గొడవైంది. ఓబులేసు దండమైనా పెట్టుకోకుండా వెళ్లిపోయాడు.

"వీళ్లు మారరు బాబా," అన్నాడు దస్తగిరి. "లారీలు ఆగకుండా అడ్డంగా గొలుసు కట్టేద్దాం."

"కడదాంలే. ముందు నన్ను నాలుగు రోజులు లారీలు ఆగేచోట కూర్చోనీ."

మూడో రోజు మధ్యాహ్నం ఓబులేసు లారీ తిరిగొచ్చింది. ఆగకుండా పోదామనే అనుకున్నాడు గానీ ఇంజను వేడెక్కింది. దిగి, దస్తగిరి వైపు చూస్తూనే సిగరెట్టు వెలిగించాడు. చివరికొచ్చాక విసరబోయాడు.

బాబా అరచెయ్యి చాపాడు. "ఇటియ్యి నాయనా."

"ఇంకా కాలుతోంది బాబా."

"పరవాలేదు. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఇందులో పెట్టు."

ఓబులేసు ముడతలు పడిన ఆ చేతిని చూశాడు.  తర్వాత చెప్పు తీసి, దాని అడుగున పీకను నలిపి ఆర్పి, ఖాళీ సిగరెట్టు పెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక్కడ ఒక డబ్బా పెట్టుకోవచ్చు కదా బాబా," అన్నాడు తల దించుకుని. "నా లారీలో పాత ఆయిల్ డబ్బా ఉంది. పైన కోసి ఇసక పోస్తే చాలు." అంటూనే లారీ వైపు నడిచాడు.

దస్తగిరి పరుగున వచ్చి గురువు చెయ్యి పట్టుకుని చూశాడు.

"అతను నిజంగానే పెట్టేసుంటే?"

"కాలేది."

"మరి ఎందుకు చాపారు?"

"మూడేళ్లుగా చూస్తున్నావు కదా అతన్ని," అన్నాడు బాబా. "పెడతాడనే అనుకున్నావా?"



అవతల ఓబులేసు ఒక్కడే డబ్బా పైభాగం కోస్తున్నాడు. అది పదే పదే జారిపోతోంది. దస్తగిరి వెళ్లి ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

ఓబులేసు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు.

"గట్టిగా పట్టుకో అన్నా," అన్నాడు. "రేకు కోసుకుంటుంది, జాగ్రత్త."