సింగారి కడిగిన నల్లబండ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఏరు, ఆ ఏటి మలుపులో ఒక నీటికుక్కల కుటుంబం. చేపల్ని తరిమి పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఒడ్డున ఒక నల్లబండ ఉంది. దొడ్డికి వెళ్లాలంటే అందరూ ఆ బండ మీదికే వెళ్లాలి. నవ్వకండి పిల్లలూ, తాతల నాటి నుంచి వాళ్ల పద్ధతి అది.

సింగారి అనే పిల్లకు మాత్రం ఆ బండంటే చచ్చేంత సిగ్గు.

ఒకరోజు లకుముకి పిట్ట వచ్చి, "మిమ్మల్ని చూడ్డానికి పట్నం మనుషులు వచ్చారు. మూడు రోజులు ఉంటారట," అని చెప్పింది.

"ఆ బండ చూస్తే మన పరువేం కాను?" అంది సింగారి.

"దాని జోలికి పోకు తల్లీ," అన్నాడు తాత.

సింగారి వింటేగా. తోకతో నీళ్లు చిమ్మి బండను తళతళలాడేలా కడిగేసింది.

మొదటి రోజు మైథిలి అనే పరిశోధకురాలు, అడవి గార్డు ముత్తయ్య పడవలో వచ్చారు. బండను అటూ ఇటూ చూసి, ఏదో రాసుకుని వెళ్లారు. "మెచ్చుకుని రాసుకున్నారు తాతా," అని సింగారి మురిసిపోయింది. రెండో రోజు ఇంకా బాగా కడిగింది. ఈసారి మైథిలి ముఖం వాడిపోయింది. సింగారి అదేమీ గమనించలేదు.

మూడో రోజు పొద్దున్నే కడగడం అయిపోయింది. అమ్మ బొరియలో పసివాళ్లకు పాలిస్తోంది. మిగతావాళ్లంతా వేటకని ఎగువకు వెళ్లారు. అప్పుడు లకుముకి పిట్ట రొప్పుతూ వచ్చి వాలింది.

"కొంప మునిగింది సింగారీ. వాళ్లు వెతికేది మీ మలం కోసమేనట. అది కనపడితేనే మీరు ఉన్నట్టు. ఇవాళ కూడా లేకపోతే ఇక్కడ నీటికుక్కలు లేవని రాసేస్తారట. అప్పుడు ఈ మలుపులో ఇసుక తవ్వే యంత్రాలు దిగుతాయట."

సింగారి బొరియ వైపు చూసింది. ఒడ్డు తవ్వితే బొరియ పోతుంది. అందులో ఇంకా కళ్లు తెరవని తమ్ముళ్లు ఉన్నారు.

"తాతను పిలుచుకొస్తాను," అంది.

"ఎప్పుడు పిలుస్తావు? పడవ వచ్చేస్తోంది చూడు," అంది పిట్ట.

పట్టపగలు, మనుషులు వస్తూ ఉండగా ఆ పనా? నీళ్లలో దూకి దాక్కుందామనిపించింది. కానీ తమ్ముళ్లు గుర్తొచ్చారు. గబగబా బండెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, పని కానిచ్చింది. ఆ వెంటనే బుడుంగుమని ఏట్లో మునిగింది.

పడవ ఆగింది. మైథిలి బండ మీదికి వంగి వాసన చూసింది. "ముత్తయ్య గారూ, ఇంకా తడిగానే ఉంది. చేప పొలుసులు కూడా ఉన్నాయి. నీటికుక్కలు ఇక్కడే ఉన్నాయండీ," అంది. సంతోషంతో ఆమె కళ్లు చెమర్చాయి. దాన్ని బంగారమంత జాగ్రత్తగా పొట్లం కట్టుకుంది.

యంత్రాలు ఆ మలుపు వైపు రానేలేదు.

సంగతంతా విని తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంతకీ రేపు బండ ఎవరు కడుగుతారమ్మా?" అన్నాడు.

"దాని మీద చుక్క నీళ్లు పోసినా ఊరుకోను," అంది సింగారి.

నీతి: మనల్ని మనంగా నిలిపే పద్ధతిని సిగ్గుపడి చెరిపేసుకుంటే, మనకు నిలవడానికి చోటే లేకుండా పోతుంది.