చెవులు నిండిన మేకపిల్ల

ఈ కథ మీరెప్పుడూ వినలేదు పిల్లలూ. మీరుండే చోట రోడ్ల మీద మేకల మందలు నడవవు కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. ఒక కొండవాలున మేసే మేకల మందలో ప్రతి పిల్ల మెడకూ గంట కట్టడం ఆచారం. నక్క ఎత్తుకుపోతే చప్పుడును బట్టి వెంటపడవచ్చని.

మిణుకు అనే బుల్లి మేకపిల్లకూ కట్టారు. కట్టిన క్షణం నుంచి వాడికి ఏడుపే. తల విదిలిస్తే గంట మోగుతుంది, మోగితే ఇంకా గట్టిగా విదిలిస్తాడు.

"అయ్యో, నా బంగారుకొండ," అంటూ అత్తలూ పిన్నులూ చుట్టూ మూగారు. ఒకత్త తన గంటను వాడి చెవి దగ్గర ఆడించింది. అది చాలదని పిన్ని పాట అందుకుంది. వాడు నేల మీద పడి కాళ్ళు కొట్టుకున్నాడు.

మందకు పెద్ద అయిన గడ్డం తాతయ్య వచ్చి తల్లిని కసిరాడు. "ఏమే చారలమ్మా, నీ గారాబం వల్లే వాడికి ఈ మొండితనం. గంట లేని పిల్లకు మందలో చోటు లేదు. పొద్దుగూకేలోగా అలవాటు చెయ్యి. లేదా ఇద్దరూ దొడ్డి బయటే."

చారలమ్మ బిడ్డను పెద్ద బండ చాటుకు తీసుకెళ్ళి, నోటినిండా గడ్డి పీకి గంటలో కుక్కి, వాణ్ణి పొట్ట కింద పొదువుకుని ఊరికే నిలబడింది. ఒక్క మాటా అనలేదు. కాసేపటికి వాడి ఏడుపు తగ్గింది.

"అమ్మా, నా చెవులు నిండిపోయాయి," అన్నాడు.

మొండితనం కాదన్నమాట, అనుకుంది చారలమ్మ. "నిండినప్పుడు ఇలాగే చెప్పు నాన్నా. ఇక్కడికొద్దాం. ఖాళీ అయ్యాక వెళ్దాం," అంది.

బండ మీంచి వింటున్న నక్క మెల్లగా దిగింది. "వదినా, చిన్న గంటకే ఇంత గోలేమిటి మీవాడికి? ఆ గంట తీసేసి వాణ్ణి నాకప్పగించు. నా బొరియలో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది, అంత ప్రశాంతం."

పరిగెత్తితే పిల్ల అందుకోలేడు. కేక వేస్తే మందవాళ్ళు వచ్చేలోపే నక్క వాణ్ణి ఎత్తుకుపోతుంది. చారలమ్మ బిడ్డకు అడ్డంగా నిలబడి నక్క వైపు తిరిగింది.

"మంచి మాటే మరిదీ. కానీ గంట ఆగి చాలాసేపయింది, తాతయ్య వెతుక్కుంటూ వస్తాడు. అది ఎక్కడో ఒకచోట మోగాలి. నీ మెడలో వేసుకుని ఇక్కడే కాస్త తిరుగు. పిల్ల ఇక్కడే ఉన్నాడనుకుని వాళ్ళు దొడ్డికి పోతారు. తర్వాత నీ ఇష్టం."

ఇంత మంచి ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకుంటూ నక్క మెడ చాచింది. చారలమ్మ బిడ్డ మెడలోని తాడును పళ్ళతో విప్పి దాని మెడకు వేసింది. లాగేకొద్దీ బిగిసే ముడి అది. ఆ పైన గంటలోని గడ్డి పీకేసింది.

నక్క అడుగు వేసింది. గణగణ. ఉలిక్కిపడి తల విదిలించింది. గణగణ. గంట అడ్డదిడ్డంగా మోగడం విని తాతయ్యా కాపలా కుక్కా పరుగున వచ్చారు. నక్క పరుగు లంకించుకుంది. దాన్ని తరమడానికి కుక్కకు కళ్ళతో పనే లేకపోయింది.

ఎలాగో తప్పించుకున్నా, ఆ తర్వాత ఆ మోతకు నక్కకు కుందేలు దొరకలేదు, కౌజుపిట్టా దొరకలేదు. పడుకుంటే మోత, లేస్తే మోత. చివరికి బండకు అల్లంత దూరాన నిలబడి బతిమాలింది. "వదినా, తల పగిలిపోతోంది. విప్పు."

"చిన్న గంటే కదా మరిదీ," అంది చారలమ్మ.

తాతయ్య గడ్డం ఊపాడు. "నక్క ఎక్కడుందో తెలుస్తుంటే ఇక పిల్లలకు గంటలెందుకు?" చారలమ్మ వైపు చూడకుండానే అత్తలతో అన్నాడు, "ఆ బండచాటు మిణుకుకు వదిలెయ్యండి."

చెవులు నిండిన బిడ్డకు కావలసింది ఇంకో చప్పుడు కాదు, కాస్త చాటు, పక్కన మనం.

ఈ కథ మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి. వాళ్ళ చెవులు నిండి ఉంటే మాత్రం కాసేపు ఆగి, ఖాళీ అయ్యాక చెప్పండి.