చిప్పమ్మ తోక గీత

ఇప్పలకోన అనే ఒక అడవి ఉండేది. పేరుకు తగ్గట్టే దాని నిండా ఇప్పచెట్లు. ఆ అడవిలో జింకల్లో పెద్దవైన కణుజులు, దుప్పులు, నెమళ్లు, ముళ్లపందులు, కుందేళ్లు, ఉడుములు ఉండేవి. ఒక ముసలి అడవిదున్న కూడా ఉండేది. గుంపుగా వేటాడే ఎర్రటి రేచుకుక్కలూ ఉండేవి. వాటంటే ఎవరికీ ఇష్టం లేదు. అయినా అడవి అన్నాక అవీ ఉంటాయి.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. కోన నడుమ పల్లంలో నిలువెత్తు గడ్డి పెరిగేది. దానిని తల్లుల గడ్డి అనేవారు. ఈనిన తల్లులు తమ పిల్లలను అక్కడ దాచుకునేవి. వేటాడే జంతువేదీ అందులో కాలు పెట్టకూడదు. ఎంత ఆకలి వేసినా గడ్డి అంచు దగ్గర ఆగిపోవాలి. చిరుతపులి కూడా ఆగేది. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. అందరూ పాటించేవారు, అంతే.

కోన అంచున జీడివాగు పారేది. వాగుకు అవతల ఇంకో అడవి ఉండేది. ఒక వేసవిలో కార్చిచ్చు పుట్టి ఆ అడవి మొత్తం కాలిపోయింది. ప్రాణాలు దక్కినవి వాగు దాటి ఇప్పలకోనకు వచ్చాయి. వాటిలో ఒక అలుగు ఉంది. ఒళ్లంతా చిప్పల్లాంటి పొలుసులు, పొడవాటి తోక. నోట్లో ఒక్క పన్ను లేదు. చీమలు, చెదపురుగులు నాకి బతికే సాధు జంతువు. భయం వేస్తే ముడుచుకుని బంతిలా అయిపోయేది. అందరూ దానిని చిప్పమ్మ అని పిలిచేవారు.

చిప్పమ్మ వచ్చాక ఇప్పచెట్ల మొదళ్లకు చెద పట్టడం మానేసింది. చిప్పమ్మ తవ్వి వదిలేసిన బొరియలో ముళ్లపంది ముళ్లమ్మ కాపురం పెట్టింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. మరుసటి ఏడు చిప్పమ్మకు ఒక పిల్ల పుట్టింది. దానికి బొంగరం అని పేరు పెట్టారు. అలుగు పిల్ల తల్లి తోక మీద ఎక్కి కూర్చుంటుంది. తల్లి ఎక్కడికి పోతే అదీ అక్కడికే. బొంగరం అలా తోక మీద ఊగుతూ పోతుంటే కుందేళ్లు కూడా నవ్వుకునేవి.

ఉడుము తాత మాత్రం మూతి ముడిచేవాడు.

"వచ్చినవాళ్లంతా ఇక్కడే తిష్ట వేస్తే మనమెక్కడికి పోవాలి?" అని రాతి మీద పడుకుని గొణిగేవాడు. ఆ రాతి మీద ఇంకో పది ఉడుములకు చోటుంది. అయినా గొణిగేవాడు.

బొంగరం పుట్టిన ఏడే ఇప్పపువ్వు సరిగా రాలలేదు. చలి ఎక్కువైందో, గాలి తగ్గిందో ఏమో. కణుజులు పొద్దున్నే చెట్ల కిందికి వెళ్లి, నేలంతా వాసన చూసి, ఖాళీ కడుపుతో తిరిగి వచ్చేవి. కణుజుల పెద్ద పేరు గంభీరుడు. అడవికి పెద్ద కూడా అతనే. పెద్ద పెద్ద కొమ్ములు, వాటి కంటే పెద్ద గొంతు. అతను అందరినీ పిలిపించాడు.

"పువ్వు ఎందుకు తక్కువైంది? తినే నోళ్లు ఎక్కువయ్యాయి కాబట్టి. ఈ కోనలో పుట్టనివన్నీ వాగు దాటి వెనక్కి పోవాలి" అన్నాడు.

"పెద్దయ్యా, చిప్పమ్మ ఇప్పపువ్వు తినదు కదా!" అంది ముళ్లమ్మ.

"తింటుందా తినదా అని కాదు. ఎక్కడ పుట్టింది అన్నదే లెక్క."

"అక్కడ అంతా బూడిదే అయ్యా. ఒక్క చీమ కూడా లేదు. పోయి ఏం తిని బతుకుతుంది?"

"అది నా పని కాదు" అన్నాడు గంభీరుడు.

ఉడుము తాత అవునవునని తల ఊపాడు. చాలామంది ఏమీ మాట్లాడలేదు. మాట్లాడనివాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

వెతికి పట్టే పని రేచుకుక్కలకు అప్పజెప్పారు. వాటి నాయకురాలు ఎర్రమూతి. అప్పటిదాకా గుట్టల వెనక నక్కి తిరిగిన గుంపు, ఇప్పుడు తోకలెత్తుకుని దారి మధ్యలో నడవసాగింది. మొదటి రోజు ఒక ముంగిసల జంటను పట్టుకున్నాయి. రెండో రోజు ఒక ముసలి కొండగొర్రెను చెవి పట్టి వాగు దాకా ఈడ్చాయి. అది ఏడవలేదు. "నా కాలు కుంటిది నాయనా, కాస్త మెల్లగా" అని మాత్రం అంది.

ఆ మాట ఉడుము తాత విన్నాడు. ఆ రోజు ఆయనకు ముద్ద దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు.

చిప్పమ్మ నడిచిన చోట దుమ్ములో తోక గీత పడుతుంది. అటూ ఇటూ అడుగులు, మధ్యలో పొడవైన గీత. తెల్లవారగానే రేచుకుక్కలు ఆ గీత కోసం దారులన్నీ వెతికేవి. గీత వెంట పోతే బొరియ దొరుకుతుంది. బొరియ దొరికితే చిప్పమ్మ దొరుకుతుంది.

ఈ సంగతి ముళ్లమ్మ కనిపెట్టింది. ఆ పొద్దున తన ముళ్లు నేలకు ఆనించి, ఈడ్చుకుంటూ కోనంతా తిరిగింది. ఆమె వెనకాలే దుమ్ములో ఒక గీత పడింది.

కుందేళ్లు చూశాయి. ఎండుకొమ్మలు నోట కరచుకుని అవీ బయలుదేరాయి. నెమలి వచ్చాడు. అతనికి తన పింఛమంటే ఎంత ముద్దో అడవంతటికీ తెలుసు. తడి నేల కనిపిస్తే చుట్టూ తిరిగిపోయే రకం. అలాంటివాడు పింఛాన్ని దుమ్ములో ఈడ్చుకుంటూ వాగు దాకా వెళ్లి వచ్చాడు. చివరికి ఉడుము తాత కూడా రాతి దిగాడు.

"నువ్వా తాతా!" అంది ముళ్లమ్మ.

"నా తోక ఎలాగూ గీత గీస్తుంది. రోజూ నాలుగడుగులు నడిచేవాణ్ని, ఇకనుంచి నలభై నడుస్తాను. అరుగుదలకు మంచిదట" అన్నాడు ఉడుము తాత. ఆయన ముఖం మాత్రం తిప్పుకునే ఉన్నాడు.

రేచుకుక్కలు వచ్చి చూస్తే ఏ దారి చూసినా గీతే. ఒక గీత వెంట పోతే నెమలి. ఇంకో గీత వెంట పోతే ఉడుము. పదిహేను రోజులు వాటి నాలుకలు వేలాడిపోయాయి. చిప్పమ్మ బొంగరాన్ని తీసుకుని తల్లుల గడ్డిలో దాక్కుంది. రేచుకుక్కలు గడ్డి అంచు దాకా వచ్చి ఆగిపోయాయి.

ఎర్రమూతి గంభీరుడి దగ్గరకు వెళ్లింది.

"అలుగు ఆ గడ్డిలోనే ఉంది. మీరు సరే అంటే పట్టుకుంటాం. వద్దంటే మమ్మల్ని పని అడగకండి" అంది.

ముసలి అడవిదున్న అక్కడే ఉంది. "గంభీరా, వద్దు నాయనా. మా అమ్మ నన్ను దాచింది అక్కడే. నిన్ను మీ అమ్మ దాచింది కూడా అక్కడే" అంది.

గంభీరుడు ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ అందరి ముందూ చెప్పిన మాట. వెనక్కి తీసుకుంటే కొమ్ములు కురచవుతాయని భయం. "ఒక్క రోజు. ఒక్క అలుగు కోసం. అంతే" అన్నాడు.

రేచుకుక్కలు గడ్డిలోకి దూకాయి. గడ్డిలో దాగిన పిల్లలన్నీ బిక్కచచ్చిపోయాయి. చిప్పమ్మ బొంగరాన్ని పొట్ట కిందికి లాక్కుని గుండ్రంగా ముడుచుకుంది.

"నీది ఏ అడవి?" అని ఎర్రమూతి అడిగింది. బంతి బదులు చెప్పలేదు.

"మాట్లాడటం లేదంటే తప్పు ఒప్పుకున్నట్టే!" అంది ఎర్రమూతి. అలుగు భయపడితే ముడుచుకుంటుందని, ముడుచుకుంటే మాట రాదని ఆ అడవిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

అవి బంతిని దొర్లించుకుంటూ వాగు దాకా తీసుకుపోయాయి. ముళ్లమ్మ, కుందేళ్లు, నెమలి, ఉడుము తాత వెంట పరుగెత్తారు. వాగు ఒడ్డున బంతి మెల్లగా విచ్చుకుంది. లోపలినుంచి బొంగరం బయటికి వచ్చి, ఎప్పటిలాగే తల్లి తోక ఎక్కి కూర్చుంది.

"పిల్ల ఇక్కడే పుట్టింది. అది ఉండొచ్చు. నువ్వు పో" అంది ఎర్రమూతి.

చిప్పమ్మ వాగుకు అవతల చూసింది. నల్లటి మోళ్లు, బూడిద. అక్కడికి తీసుకుపోతే పిల్ల వారం కూడా బతకదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తోక మీదనుంచి పిల్లను దించింది. అది మళ్లీ ఎక్కింది. మళ్లీ దించింది. మళ్లీ ఎక్కింది. మూడోసారి దించి ముళ్లమ్మ వైపు నెట్టింది.

"అక్కా, దీనికి ఎర్రచీమలు పడవు. నల్లచీమలే పెట్టు" అని ముళ్లమ్మతో అంది. వాగులోకి దిగింది.

బొంగరం ఆ పూటంతా ఏడ్చింది. ఎక్కి కూర్చోవడానికి దానికొక తోక కావాలి. పాపం ముళ్లమ్మ ఏం చేస్తుంది? ఆమె ఒళ్లంతా ముళ్లే. పిల్ల దగ్గరకు రావడం, ముల్లు గుచ్చుకుని వెనక్కి పోవడం. తన ముళ్లను చూసి ఆమె ఎన్నడూ అంత ఏడవలేదు.

అప్పుడు ఉడుము తాత వచ్చి వాళ్లకు వీపు తిప్పి పడుకున్నాడు. ఆయనకూ గరుకైన పొడుగు తోక ఉంది.

"ఎక్కు. కదలకుండా కూర్చో. గోళ్లు గుచ్చకు" అన్నాడు.

బొంగరం ఎక్కింది. గోళ్లు గట్టిగానే గుచ్చింది. ఆయన కిక్కురుమనలేదు.

తొలకరి పడింది. గంభీరుడికి ఒక కూన పుట్టింది. తల్లి దానిని తల్లుల గడ్డిలో దాచి మేతకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గడ్డి చెదిరి ఉంది. కూన లేదు.

గంభీరుడు ఉరుకుతూ రేచుకుక్కల గుట్టకు వెళ్లాడు. "తల్లుల గడ్డిలో కాలు పెట్టారా మీరు?" అని అరిచాడు.

"పెట్టాం. మొదటిసారి మీరే పెట్టమన్నారు కదా" అంది ఎర్రమూతి.

"ఒక్క రోజు అన్నాను! ఒక్క అలుగు కోసం అన్నాను!"

"లోపల ఎన్ని పిల్లలున్నాయో ఆ ఒక్క రోజే చూశాం. చూసినదాన్ని ఎలా మరిచిపోతాం? పైగా అది మీ పిల్ల అని మాకేం తెలుసు? అడిగాం. మాట్లాడలేదు."

పుట్టి మూడు రోజులైన కూన ఏం మాట్లాడుతుంది?

ఆ రోజు అడవి మొత్తం లేచింది. ముసలి అడవిదున్న ముందు నిలబడింది. ఇంతకాలం నోరెత్తని దుప్పులన్నీ ఆమె వెనక నిలబడ్డాయి. గడ్డి చుట్టూ కొమ్ములు, గిట్టలు, ముళ్లు. రేచుకుక్కలు రెండుసార్లు వచ్చి చూసి, తమ గుట్టల వెనక్కి పోయాయి. ఇంతమంది ముందే నిలబడి ఉంటే ఎంత బాగుండేదో!

గంభీరుడు నెమలిని పిలిచాడు. "వాగు అవతలికి వెళ్లు నాయనా. చిప్పమ్మను రమ్మని చెప్పు. అందరినీ రమ్మను" అన్నాడు. అతని గొంతు ఇప్పుడు పెద్దగా లేదు.

నెమలి నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. ముంగిసల జంట దొరికింది. వెంట తీసుకువచ్చాడు. కొండగొర్రె కనబడలేదు. చిప్పమ్మ కనబడింది. వాగు ఒడ్డునే, ఇవతలి గట్టు కనిపించే చోట, ఒక కాలిన మోడు కింద ముడుచుకుని ఉంది. నెమలి పేరు పెట్టి పిలిచాడు. ముక్కుతో మెల్లగా తట్టాడు. ఆ బంతి ఇక విచ్చుకోలేదు.

ముళ్లమ్మ ఆ మాట విని నేల మీద కూలబడింది. ఉడుము తాత కళ్లు మూసుకున్నాడు. ఆయన తోక మీద కూర్చున్న బొంగరానికి ఏమీ అర్థం కాలేదు.

గంభీరుడు వాళ్ల దగ్గరకు వచ్చాడు. బొంగరం ముందు మోకాళ్ల మీద వంగాడు. క్షమించమని అడగాలని వచ్చాడు. అతని కళ్లలో నీళ్లు చూసి బొంగరం తోక దిగి దగ్గరకు నడిచింది.

"ఎందుకు ఏడుస్తున్నావు పెద్దయ్యా?" అని అడిగింది.

"నా కూనను తీసుకుపోయారమ్మా" అన్నాడు గంభీరుడు.

బొంగరం అతన్ని జాలిగా చూసింది.

"అయ్యో! మీ కూన కూడా ఈ కోనలో పుట్టలేదా?" అంది.

నీతి: పక్కవారిని పట్టివ్వడానికి మనం తీసేసిన కట్టుబాటు, రేపు మన పిల్లలను కాపాడటానికి మిగిలి ఉండదు.